చెంచిత చేతిలో కత్తి

పొయ్యి మీద నూనె కాగుతోంది. కృష్ణకుమారి ఒక చేత్తో మిరపకాయ బజ్జీలు వేస్తూ, రెండో చేత్తో బొరుగుల ఉగ్గాని గిన్నె మీద మూత సర్దింది. ఉగ్గాని చల్లారితే కొడుకు సాయినాథ్ ముట్టడు. మొగుడు మాధవయ్య ముడతాడు గానీ, నస పెట్టుకుంటూ తింటాడు. నంద్యాలలో వాళ్ళది పాత్రల అంగడి. అది తెరిచేలోపు ఈ తండ్రీకొడుకుల కడుపులు నింపడమే ఆ ఇంట్లో తెల్లవారడమంటే.

ఈ పూట మాత్రం సాయినాథ్ కుదురుగా కూర్చోలేదు. బజ్జీ చేత్తో పట్టుకుని పడగ్గది తలుపు వైపే చూస్తున్నాడు. పెళ్ళయి ఏడాది నిండిన రోజు మరి. పెళ్ళాం భావనకు పొద్దున్నే పట్టుచీర ఇచ్చాడు. అసలు కానుక చీర కాదట, ఇంకోటి ఉందట. ఆ సంతోషం వాడి మొహంలో దాగడం లేదు.

"ఏందిరా, బజ్జీ నోట్లో పెట్టుకోకుండా తలుపుకేసి చూస్తాండావ్?"

"లోపల ల్యాప్‌టాప్ తెరిచింది మా. ఇంకాసేపట్లో కేక పెడుతాది, చూడు."

"కేక ఎందుకు పెడుతాది? పామేమన్నా పెట్టినావా దాంట్లో?"

మాధవయ్య పేపరు చాటు నుంచి నవ్వాడు. లోపలి నుంచి కేక రాలేదు. ఎంతసేపటికీ ఏ చప్పుడూ రాలేదు. చివరికి తలుపు తెరుచుకుంది. కొత్త పట్టుచీరలో భావన నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చెంచిత యాడ?" అంది.

"ఆడనే ఉంది కదా! బాగా చూడు. ఇప్పుడు దాన్ని ఆ అడవిలో ఎవుడూ కొట్టలేడు," అన్నాడు సాయినాథ్ పొంగిపోతూ.

చెంచిత ఎవరో చెప్పాలి. భావన ల్యాప్‌టాప్‌లో ఆడే ఒక రోల్ ప్లేయింగ్ గేమ్‌లో అడవిపిల్ల. పేరు భావనే పెట్టుకుంది. ఆళ్లగడ్డలో పుట్టి, చిన్నప్పటి నుంచి స్వామి మనువాడిన చెంచుపిల్ల కథ వింటూ అహోబిలం కొండలెక్కిన పిల్లకు అంతకంటే ఏ పేరు తోస్తుంది? అక్కడ బడిలో కంప్యూటర్ టీచరుగా ఉన్న రోజుల్లోనే ఆ ఆట మొదలుపెట్టింది. మొదట్లో చెంచితకు చేతిలో ఒక కట్టె, ఒంటి మీద ఒక చినిగిన శాలువ, అంతే. ఒక్కో పని చేసేకొద్దీ కొన్ని పాయింట్లు వస్తాయి. వాటిని బలం మీద పెట్టుకుంటారా, మాట నేర్పు మీద పెట్టుకుంటారా, మందుమాకుల మీద పెట్టుకుంటారా అన్నది ఆడేవాళ్ళ ఇష్టం. భావన కత్తి జోలికే పోలేదు. ఉన్నవన్నీ మందుల మీద, మాట మీద పెట్టింది. దొంగలు ఎదురైతే మాటలతో దారికి తెచ్చింది, జబ్బుపడ్డవాళ్ళకు ఆకుపసరు పోసింది. అలా ఓపిగ్గా ఊరూరూ తిరిగి చెంచితను మనిషిని చేసింది. పైగా, జరిగిన కథను వెనక్కి తిప్పే వీలు లేని పద్ధతిని కావాలని ఎంచుకుంది. ఆ పద్ధతిలో ఒకసారి చేసింది చేసినట్టే.

ఈ మధ్య తల్లికి జ్వరమొస్తే భావన నాలుగు రోజులు ఆళ్లగడ్డ వెళ్ళి, నిన్న రాత్రే తిరిగొచ్చింది. ల్యాప్‌టాప్ ఇక్కడే ఉండిపోయింది. పాస్‌వర్డ్ మొగుడికి దాచేదేముందని ఎప్పుడో చెప్పింది. పెళ్ళాం మీద ప్రేమ ముంచుకొచ్చిన సాయినాథ్ ఆ నాలుగు రోజులూ దాని ముందు కూర్చున్నాడు. చెంచిత సంచిలో ఉన్న కట్టె, శాలువ, ఎండుటాకులు అన్నీ ఆటలోని సంతలో అమ్మేశాడు. ఆటలోనే ఒక గురువుకు బంగారం ముట్టజెప్పి, పెట్టిన పాయింట్లన్నీ వెనక్కి తీసుకుని, మొత్తం బలం మీద గుమ్మరించాడు. పెద్ద కత్తి కొన్నాడు, ఇనుప కవచం కొన్నాడు. కత్తి పదును చూద్దామని దొంగల గూడెం ఒకదాని మీద పడి, దాన్ని తగలబెట్టాడు కూడా. లెవెల్ సర్రున పైకి పోయింది. దాన్నే పెళ్ళిరోజు కానుకగా దాచిపెట్టాడు.

"దాని సంచీలో ఉన్నవన్నీ ఏం చేసినావ్?" భావన అడిగింది.

"అమ్మేసినా. అంతా దండగ సామాను. మొయ్యలేక మోస్తాండింది పాపం."

"నన్నడిగినావా?"

"అడిగితే సర్‌ప్రైజ్ ఎట్లయితాది భావనా? నువ్వు ఇన్నాళ్ళు ఆడినా రానిది నేను నాలుగు రోజుల్లో తెచ్చినా. సంతోషపడకుండా ఏడుస్తాండావేంది?"

కృష్ణకుమారి గరిటె వదిలిపెట్టి వచ్చింది. "పెళ్ళిరోజు పూట కండ్లనీళ్ళు పెట్టుకుంటారామ్మా, ఆటబొమ్మ కోసరం? వాడు నీ మంచికే కదా చేసినాడు."

"నా మంచికే అత్తా. అందరూ నా మంచికే చేస్తారు," అంది భావన. తర్వాత మొగుడి వైపు తిరిగింది. పెద్దవాళ్ళ ముందు ఎప్పుడూ 'మీరు' అనే పిల్ల, 'నువ్వు' అంటోందన్న సంగతి కూడా మరిచిపోయింది. "మన అంగడికి అవ్వలు తెచ్చే పాత చెంబనుకున్నావా నన్ను? తూకమేసి లోపల పారేసి, కొత్తది చేతిలో పెట్టేదానికి?"

సాయినాథ్‌కు మొహం మీద నీళ్ళు కొట్టినట్టయింది. వాళ్ళ అంగడి అసలు బేరం అదే మరి. దొర్నిపాడు నుంచి, ఉయ్యాలవాడ నుంచి ఆడవాళ్ళు సొట్టలు పడ్డ ఇత్తడి బిందెలు, రాగి చెంబులు తెస్తారు. వీళ్ళు తూకం వేసి తళతళలాడే స్టీలు సామాను ఇస్తారు. వచ్చినవాళ్ళు నవ్వుతూ పోతారు. చిన్నప్పటి నుంచి తాసు పట్టుకున్న చేయి వాడిది. పాతది ఇచ్చి మంచిది పుచ్చుకున్నందుకు ఒక మనిషి ఏడవడం వాడు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఆ మధ్యాహ్నమే భావన సంచీ, ల్యాప్‌టాప్ తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది. ఎవరూ గట్టిగా ఆపలేదు. "పోనీలే, కోపం తగ్గినాక అదే వస్తాది," అన్నాడు మాధవయ్య. సాయినాథ్ రోషానికి పోయి బస్టాండు దాకా కూడా వెళ్ళలేదు.

కోపం తగ్గలేదు, కోడలు రాలేదు. సాయినాథ్ ఫోన్ చేస్తే ఎత్తదు. అత్త చేస్తే మాత్రం ఎత్తుతుంది. "తిన్నా అత్తా, బాగుండా అత్తా," అంటుంది, అంతే. వారం దాటాక వియ్యపురాలు రామేశ్వరమ్మ తనే ఫోన్ చేసింది. ఆమెకు నాన్చడం రాదు.

"వదినా, పిల్ల నంద్యాలకు రానంటాంది. ఎందుకే అంటే, ఆ ఇంట్లో నాకు లోటేం లేదు, ఆ ఇంట్లో నేనే లేను అంటాంది. ఆ మాటకు అర్థమేందో నాకైతే తెలీదు. నువ్వు పెద్దదానివి, నువ్వే ఆలోచన చెయ్."

కృష్ణకుమారి గుండెలో రాయి పడింది. గేమ్ కోసం అలిగిన పిల్ల రేపో మాపో వస్తుందనుకుంది గానీ, కాపురమే వద్దనుకునే దాకా వచ్చిందని కలలో కూడా అనుకోలేదు. ఫోన్ పెట్టేసి, కొంగు నడుముకు చుట్టి, నేరుగా అంగట్లోకి వెళ్ళింది. మాధవయ్య భోంచేసి కునుకు తీస్తున్నాడు. సాయినాథ్ బేరం లేక గిన్నెలు తుడుస్తున్నాడు.

"రేయ్, ఆ ఆటేందో నాకు చెప్పు."

"ఇప్పుడు అదెందుకు మా?"

"నీ పెండ్లాం తిరిగొచ్చేదానికి. చెప్పు."

సాయినాథ్ చెప్పాడు. కట్టె, శాలువ, పాయింట్లు, లెవెళ్ళు, అన్నీ చెప్పాడు. కృష్ణకుమారి చెవులు రిక్కించి వింది.

"అంటే, ఆ పిల్ల పెరగాల. అదే కదా ఆట?"

"అంతే మా. నేను పెంచే కదా ఇచ్చినా! అదే నాకు అర్థం కాకుండా ఉండేది."

"నువ్వు పెంచితే అది పెరిగినట్టెట్లా అయితాది రా?" అంది కృష్ణకుమారి. అనేసి, తన మాట తనకే గుచ్చుకుని ఆగిపోయింది.

ఆమె ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అన్నం మాడ్చింది, పాలు విరగ్గొట్టింది. అత్త చేత మాటలు పడింది. బియ్యం డబ్బా తాళం చేతికి రావడానికే ఏళ్ళు పట్టింది. ఆ తాళం వచ్చిన రోజు మాత్రం, ఈ ఇల్లు నాది అనిపించింది. తను పడ్డ కష్టం కోడలు పడకూడదని ఒట్టు పెట్టుకుని, భావన గడప తొక్కిన రోజే తాళాలగుత్తి చేతిలో పెట్టింది. పొద్దుటి పలారం తనే చేసి, మిగతా వంటకు మనిషిని పెట్టింది. 'ఎండల్లో బస్సుల్లో తిరిగి ఆ ఉద్యోగమెందుకమ్మా, రాణి లెక్క కూర్చో' అని మాన్పించింది. ఊరంతా మెచ్చుకుంది. ఇలాంటి అత్త ఎవరికి దొరుకుతుందన్నారు. తను కూడా అలాగే మురిసిపోయింది.

"నీ కంటే ముందు నేనే చేసినా రా ఆ పని," అంది, పక్కనున్న బిందె మీద చేయి వేసి.

"ఏం పని?"

"పద ఆళ్లగడ్డకు. దారిలో చెప్తా. నాయనను లేపు, అంగడి చూసుకుంటాడు."

శిరివెళ్ళ దాటేదాకా బస్సులో తల్లి చెబుతూనే ఉంది, కొడుకు కిటికీలోంచి చూస్తూ వింటూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి, "అయితే నాదేం తప్పు లేదా?" అని ఆశగా అడిగాడు. "నీది పైకి కనపడే తప్పు, నాది కనపడకుండా ఉండే తప్పు. అంతే తేడా, మూసుకోని కూసో," అంది. ఆళ్లగడ్డలో దిగేసరికి రోడ్డు పక్కన శిల్పుల ఉలి చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. ఇంటి గడప మీద రామేశ్వరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"రాండి వదినా. రాప్పా సాయినాథూ, నువ్వూ రా. కాళ్ళు కడుక్కోండి. తిట్టేది తర్వాత తిడతా, ముందు మజ్జిగ తాగు."

"అట్లే అత్తా," అన్నాడు సాయినాథ్ బుద్ధిగా.

భావన లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఎదురుగా ల్యాప్‌టాప్. వాళ్ళను చూసి లేచి నిలబడింది, అత్తకు కుర్చీ జరిపింది. మొగుడితో మాత్రం మాట్లాడలేదు. సాయినాథ్ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"చెంచిత ఎట్లుంది?" అన్నాడు చివరికి.

"వచ్చి చూడు."

వచ్చి పక్కన కూర్చున్నాడు. తెర మీద ఇనుప కవచం తొడుక్కున్న చెంచిత అడవి దారిలో నడుస్తోంది. భావన ఆమెను ఒక చిన్న పల్లెలోకి నడిపించింది. గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుకుంటున్న ఒక ముసలవ్వ, కవచం చప్పుడుకు తలెత్తింది. చేట అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తింది. తలుపు ధడాలున మూసుకుంది. వీధిలో ఆడుకునే పిల్లలు కూడా చెదిరిపోయారు.

"ఈ అవ్వకే మొట్టమొదట మందిచ్చినా. ఆ శాలువ ఈమెదే, చలికి కప్పుకోమని ఇచ్చింది. ఎప్పుడొచ్చినా బిడ్డా అని పిలిచి గంజి పోసేది. నువ్వు గూడెం తగలబెట్టినావని అడవంతా తెలిసిపోయింది. ఇప్పుడు నన్ను చూసి తలుపేసుకుంటాంది."

సాయినాథ్ ఆ మూసిన తలుపు వైపు చూశాడు. కేవలం బొమ్మే అని తెలుసు. అయినా ఆ అవ్వను మళ్ళీ పిలవాలనిపించి తెర దగ్గరికి వంగాడు.

"దాంట్లో ఇంతుందని నాకు తెలీదు భావనా. నాకు అంకెలే కనపడినాయి. పెద్ద అంకె వస్తే నువ్వు పెద్దదానివైతావనుకున్నా."

"కొట్లాటలు ఏ ఆటలోనైనా ఉంటాయి. లెవెళ్ళంటావా, ఇప్పుడు కార్ల ఆటలో కూడా ఉండాయి. అవి ఉన్నంత మాత్రాన రోల్ ప్లేయింగ్ అయిపోదు," అంది భావన. గొంతు మెత్తబడింది, బళ్ళో పాఠం చెప్పే గొంతు అది. "ఏం చేయాలో నువ్వే ఎంచుకుంటావు. చేసిందాన్ని బట్టి నువ్వు ఒక మనిషివి అవుతావు. నువ్వు ఎట్లాంటి మనిషివైతే లోకం నీతో అట్లా ఉంటాది. అదుంటేనే ఈ ఆట. చిన్న లెవెల్లో ఉన్నా సరే, చెంచిత నేను చేసుకున్న మనిషి."

"తప్పయింది. నిన్నడగాల్సింది. అడగాలన్న ఆలోచనే రాలేదు చూడు, అది ఇంకా పెద్ద తప్పు." సాయినాథ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతి వెనక వైపుతో తుడుచుకున్నాడు. "పోనీ ఇది తీసేయ్. కొత్తగా మొదలుపెట్టు. నేను పక్కన కూసోని చూస్తాంటా, చెయ్యి పెట్టను."

"మళ్ళీ చూడు! పాతదిచ్చి కొత్తది తీసుకోమంటాండావు," అంది భావన. ఏడుస్తున్న పిల్ల కాస్తా ఫక్కున నవ్వేసింది. గుమ్మంలో మజ్జిగ గ్లాసుతో నిలబడ్డ రామేశ్వరమ్మ కూడా నవ్వింది. సాయినాథ్ నాలుక కరుచుకున్నాడు.

"తీసేయను," అంది భావన కళ్ళు తుడుచుకుని. "ఈ వారమంతా ఆలోచించినా. కత్తి పట్టిన చెంచిత కూడా చెంచితే. గూడెం కాల్చింది, నిజమే. ఇప్పుడు ఆ గూడెం మళ్ళా కట్టించొచ్చు. ఈ ఊరోళ్ళు నమ్మేదానికి శానా రోజులు పడుతాది. పడనీ. తప్పు చేసినోళ్ళు మారేదానికి ఈ ఆటలో దారుంది."

"నాక్కూడా ఉందా దారి?" అన్నాడు సాయినాథ్ మెల్లగా.

భావన అతని చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఇంతసేపూ పక్కనే కూర్చుని చూస్తున్న కృష్ణకుమారి ఇక ఆగలేదు. కుర్చీ జరుపుకుని దగ్గరికి వచ్చింది.

"వాడి సంగతి సరే, నా సంగతి చెప్పాల. వచ్చిన రోజే నీ చేతిలో తాళాలు పెడ్తిని, ఉద్యోగం మాన్పిస్తిని. వంటింట్లో అడుగు పెట్టనీయకపోతిని. నేను పడినట్టు నువ్వు పడకూడదనుకుంటి తల్లీ. అంతేగానీ నీకు ఏం ఇష్టమో ఒక్కనాడూ అడగలేదు. ఆ ఇంట్లో నేనే లేను అంటివంట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్దర లేదు." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇప్పుడు అడుగుతాండా. నీకు ఏం కావాలని ఉంది?"

భావన అత్త మొహంలోకి చూసింది. అత్తింటికి వచ్చాక ఈ మాట తననెవరైనా అడగడం ఇదే మొదలు. ఎన్నిసార్లో మనసులో జవాబు తయారుచేసుకుంది. తీరా అడిగేసరికి జవాబు బదులు ఏడుపొచ్చింది. అత్త ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"తెలీదత్తా," అంది చివరికి. "ఒక్కోసారి మళ్ళా పిల్లోళ్ళకు చెప్పాలనిపిస్తాది. ఒక్కోసారి అంగట్లో కూర్చోని బేరం నేర్చుకోవాలనిపిస్తాది. ఒకరోజు వంట నేనే చేసి, మాడ్చి, మామ చేత నస పెట్టించుకోవాలని కూడా ఉంటాది. ఏది నాదో ఇంకా తెలీదు."

"తెలీకపోతే ఏమాయె! తెలుసుకుందువులే. ఎవురు తొందర పెడ్తాండారు నిన్ను?" అంది కృష్ణకుమారి, కోడలి వీపు నిమురుతూ. "మాడ్చితే మాడ్చు. మీ మామకు నస పెట్టేదానికి ఏదో ఒకటి కావాల్నే కదా."

రామేశ్వరమ్మ గ్లాసు కింద పెట్టి ముక్కు చీదింది. "అయితే బట్టలు సర్దమంటావా పిల్లా?" అంది.

భావన తల ఎత్తింది. మొగుడి మొహం చూసింది, అత్త మొహం చూసింది. ఇద్దరూ ఏమంటుందోనని బితుకుబితుకుమంటున్నారు.

"ఈపొద్దు రాను," అంది. "ఆదివారం వస్తా. పిలుచుకపోయేదానికి ఎవురూ రావద్దు. నేనే బస్సెక్కి వస్తా."

సాయినాథ్ ఏదో అనబోయాడు. కృష్ణకుమారి కొడుకు చేయి పట్టుకుని ఆపింది. "అట్లే తల్లీ. నీ ఇష్టం. ఎప్పుడు రావాలనుకుంటే అప్పుడు రా," అంది.

సాయంత్రం నంద్యాల బస్సులో కూర్చున్నారో లేదో, మాధవయ్య ఫోన్ చేశాడు. అంగట్లో జనం మాటలు వినిపిస్తున్నా ఆయన గొంతులో ఆత్రం దాగలేదు.

"ఏమే, ఏమాయె? కోడలు పక్కన ఉందా?"

"లేదు. మేమిద్దరమే వస్తాండాం."

"అయ్యో! రానన్నాదా?"

"వస్తాది," అంది కృష్ణకుమారి. అప్పటిదాకా గట్టిగానే ఉన్న మనిషికి బస్సులో అందరి ముందూ కన్నీళ్ళు జలజలా రాలాయి. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా, నవ్వుతూ చెప్పింది. "ఆదివారం వస్తాది. తనంతట తనే వస్తాదంట."